కంట్రోల్ సి కొడితే ఫైనల్లీ నడుస్తోంది, డాకర్ స్టాప్‌కి నడవట్లేదు (పైథాన్)

వర్కర్_లూప్:
పైథాన్ 3.11, లినక్స్, డాకర్ (ప్రోగ్రాముని విడి కంటైనర్లో నడిపేది). క్యూలోంచి ఒక్కో పని తీసుకుని ఫైలు రాసే వర్కర్ ఇది. మొదలవగానే లాక్ ఫైలు (ఒకటి ఇప్పటికే నడుస్తోందని చెప్పే గుర్తు) పెడుతుంది, బయటి ట్రైకి ఉన్న ఫైనల్లీలో (ఎర్రర్ వచ్చినా రాకపోయినా చివర్లో నడిచే ముక్క) దాన్ని తీసేస్తుంది. లోపల వైల్ లూప్. పని చేసే ముక్క చుట్టూ ఇంకో ట్రై ఉంది, దానికి క్లాస్ పేరు లేని ఉత్త ఎక్సెప్ట్. లాగ్ రాసి తర్వాతి పనికి వెళ్తుంది. క్యూ ఖాళీగా ఉంటే 30 సెకన్ల టైమ్ స్లీప్.

కంట్రోల్ సి కొడితే లాక్ ఫైలు పోతోంది, కాకపోతే ఒక్కోసారి రెండుసార్లు కొట్టాలి. డాకర్ స్టాప్ (కంటైనర్ని ఆపే కమాండ్) ఇస్తే మాత్రం 10 సెకన్లు ఆగి 137 కోడ్‌తో పోతోంది, లాక్ ఫైలు అక్కడే ఉంటోంది. ఎట్‌ఎగ్జిట్ (ప్రోగ్రాము ముగిసేటప్పుడు పిలవమని పెట్టే ఫంక్షన్) పెట్టినా పిలవట్లేదు. డాకర్‌ఫైల్లో సీఎండీ (కంటైనర్ మొదలవగానే నడిపే కమాండ్) జాబితా రూపంలోనే రాశాను, అంటే పైథానే పిడ్ 1, కంటైనర్లో మొదటి ప్రాసెస్. ఫైనల్లీ ఎలాగైనా నడవాలి కదండీ?

గట్టుమీద:
ఫైనల్లీ నడవాలంటే లూప్ మామూలుగా ముగియాలి, లేదా ఎక్సెప్షన్ (ఎర్రర్ లాంటి అంతరాయం) పుట్టాలండీ. మీ దగ్గర ఆ రెండూ జరగట్లేదు.

కంట్రోల్ సి పంపేది సిగ్ఇంట్ అనే సిగ్నల్ (ప్రాసెస్‌కి ఓఎస్ అందించే సంకేతం), దాని నంబరు 2. పైథాన్ మొదలవగానే దానికి తనే హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే నడిచే ఫంక్షన్) పెట్టుకుంటుంది, ఆ హ్యాండ్లర్ కీబోర్డ్ఇంటరప్ట్ రైజ్ చేస్తుంది. డాకర్ స్టాప్ పంపేది సిగ్‌టెర్మ్, 15. దానికి పైథాన్ ఏ హ్యాండ్లరూ పెట్టదు. మామూలు ప్రాసెస్ అయితే కెర్నెల్ (ఓఎస్ కేంద్ర భాగం) అక్కడికక్కడే చంపేస్తుంది, ఎగ్జిట్ కోడ్ 143 (128 + సిగ్నల్ నంబరు 15) కనిపిస్తుంది. మీది పిడ్ 1 కాబట్టి, హ్యాండ్లర్ లేని సిగ్‌టెర్మ్‌ని కెర్నెల్ పడేస్తుంది. 10 సెకన్ల గడువు తీరాక డాకర్ బలవంతంగా చంపే సిగ్‌కిల్ (నంబరు 9) పంపుతుంది: 128 + 9, అదే మీ 137. డాకర్ రన్‌కి ఇనిట్ ఆప్షన్ (పిడ్ 1గా వేరే చిన్న ప్రోగ్రాముని పెడుతుంది) ఇస్తే 137 కాస్తా 143 అవుతుంది, ఫైనల్లీ మాత్రం అప్పుడూ నడవదు.

రెండుసార్లు కొట్టాల్సి రావడానికి కారణం ఆ ఉత్త ఎక్సెప్ట్. కీబోర్డ్ఇంటరప్ట్, సిస్టమ్ఎగ్జిట్ రెండూ ఎక్సెప్షన్ క్లాస్ కింద లేవు, నేరుగా బేస్ఎక్సెప్షన్ పిల్లలు. ఉత్త ఎక్సెప్ట్ వాటినీ మింగేస్తుంది. పని మధ్యలో కొట్టిన కంట్రోల్ సి లాగ్‌లోకి పోతోంది, స్లీప్‌లో కొట్టినది పని చేస్తోంది. 'ఎక్సెప్ట్ ఎక్సెప్షన్' అని మార్చండి, ముందు ఈ పని చేయండి.

సిగ్‌టెర్మ్‌కి హ్యాండ్లర్ పెట్టి అందులో ఒక ఫ్లాగ్‌ని ట్రూ చేయండి, లూప్ ఆ ఫ్లాగ్ చూసి బయటికి రావాలి. హ్యాండ్లర్లో సిస్ ఎగ్జిట్ పిలవమని చాలా చోట్ల రాస్తారు. నేనైతే వద్దంటాను: అది రైజ్ చేసే సిస్టమ్ఎగ్జిట్ ఏ రెండు బైట్‌కోడ్ల (పైథాన్ నడిపే చిన్న చిన్న అడుగులు) మధ్యనైనా లేస్తుంది, మీ ఫైనల్లీ సగంలో ఉన్నప్పుడు కూడా. హ్యాండ్లర్ని మెయిన్ థ్రెడ్‌లోనే రిజిస్టర్ చేయాలి, వేరే థ్రెడ్‌లో అయితే వాల్యూఎర్రర్ వస్తుంది.

వర్కర్_లూప్:
ఎక్సెప్ట్ మార్చాను, కంట్రోల్ సి ఒక్కసారికే వింటోంది. థాంక్సండీ. ఫ్లాగ్ కూడా పెట్టాను. డాకర్ స్టాప్ ఇవ్వగానే హ్యాండ్లర్లోని ప్రింట్ లాగ్‌లో పడుతోంది, అయినా 10 సెకన్ల తర్వాత మళ్లీ 137. క్యూ ఖాళీగా ఉన్నప్పుడే ఇలా.

గట్టుమీద:
స్లీప్ వల్లే. పైథాన్ 3.5 నుంచి (పెప్ 475 అనే మార్పు ప్రతిపాదనతో) సిగ్నల్ వచ్చి హ్యాండ్లర్ ఎక్సెప్షన్ రైజ్ చేయకుండా తిరిగొస్తే, స్లీప్ మిగిలిన సమయం పూర్తిగా పడుకుంటుంది. 30 సెకన్ల నిద్ర, 10 సెకన్ల గడువు. స్లీప్ బదులు థ్రెడింగ్ ఈవెంట్ (సెట్ అనగానే వెయిట్‌లో ఉన్నదాన్ని లేపేది) పెట్టి 30 సెకన్ల వెయిట్ ఇవ్వండి, హ్యాండ్లర్లో సెట్ పిలవండి.

సగంరాత్రి_డెమన్:
ఈవెంట్ సెట్‌ని హ్యాండ్లర్లోంచి పిలవకండి. ఈవెంట్ లోపల మామూలు లాక్ ఉంటుంది, రీఎంట్రెంట్ కాదు, అంటే పట్టుకున్న థ్రెడ్‌కి కూడా రెండోసారి పట్టుకోవడం కుదరదు. మెయిన్ థ్రెడ్ వెయిట్‌లోకి దిగుతూ ఆ లాక్ పట్టుకున్న క్షణంలో సిగ్నల్ వస్తే, హ్యాండ్లర్ కూడా మెయిన్ థ్రెడ్‌లోనే నడుస్తుంది కాబట్టి తన లాక్ కోసం తనే ఎదురుచూస్తూ నిలిచిపోతుంది. చాలా అరుదు, అందుకే టెస్టింగ్‌లో దొరకదు.

లినక్స్ మీద హ్యాండ్లరే అక్కర్లేదు. ప్రోగ్రామ్ మొదట్లో, ఏ థ్రెడ్డూ పుట్టకముందే, పీథ్రెడ్ సిగ్‌మాస్క్‌తో సిగ్‌టెర్మ్‌ని బ్లాక్ చేయండి (వచ్చినా వెంటనే అందకుండా ఆపడం). స్లీప్ ఉన్న చోట సిగ్‌టైమ్డ్‌వెయిట్ (సిగ్నల్ కోసం గడువు దాకా ఎదురుచూసేది) పిలిచి గడువు 30 ఇవ్వండి. నన్ (విలువ ఏమీ లేదని) వస్తే సమయం అయిపోయినట్టు, ఇంకేదైనా వస్తే ఆగమని. పని జరుగుతుండగా వచ్చిన సిగ్నల్ పెండింగ్‌లో ఉంటుంది, పోదు. క్యూ ఎప్పుడూ ఖాళీ కాకపోతే ప్రతి పని తర్వాతా గడువు 0తో ఒకసారి పిలవండి. సబ్‌ప్రాసెస్‌తో వేరే ప్రోగ్రాములు నడుపుతుంటే మాత్రం ఇది వద్దు: మాస్క్ (బ్లాక్ చేసిన సిగ్నళ్ల జాబితా) పిల్ల ప్రాసెస్‌లకీ సంక్రమిస్తుంది, వాటికి సిగ్‌టెర్మ్ పంపినా కదలవు. అలాంటప్పుడు ఫ్లాగ్ ఉంచి, 30 సెకన్ల నిద్రని ఒక్కో సెకను ముక్కలు చేయండి.

ఒక్కో పనికి 10 సెకన్ల కంటే ఎక్కువ పడితే గడువూ పెంచాలి. డాకర్ స్టాప్‌కి టీ ఆప్షన్ ఉంది. కుబర్నెటీస్‌లో (చాలా కంటైనర్లని కలిపి నడిపే వ్యవస్థ) డిఫాల్ట్ 30 సెకన్లు.

వర్కర్_లూప్:
సబ్‌ప్రాసెస్‌లు లేవు. సిగ్‌టైమ్డ్‌వెయిట్ పెట్టాను, స్టాప్ ఇచ్చిన వెంటనే 0 కోడ్‌తో దిగింది, లాక్ ఫైలు పోయింది.

సగంరాత్రి_డెమన్:
ఆ లాక్ ఫైలునీ మార్చండి. మెమరీ హద్దు దాటితే కెర్నెల్ పంపేది సిగ్‌కిల్, దాన్ని ఎవరూ పట్టలేరు. అప్పుడు ఫైలు మళ్లీ మిగిలిపోతుంది. ఫైలు ఉందా లేదా అని చూడకుండా, దాన్ని తెరిచి ఎఫ్‌సీఎన్‌టీఎల్ మాడ్యూల్లోని ఎఫ్‌లాక్ వేయండి, నాన్‌బ్లాకింగ్‌గా (లాక్ దొరక్కపోతే ఆగకుండా వెంటనే తిరిగొచ్చేలా). ప్రాసెస్ ఎలా పోయినా కెర్నెల్ లాక్ వదిలేస్తుంది, ఫైలు పడి ఉన్నా నష్టం లేదు. రాసే ఫైలుని కూడా అదే డైరెక్టరీలో తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక ఓఎస్ రీప్లేస్‌తో పేరు మార్చండి. మధ్యలో పోయినా చదివేవాళ్లకి సగం రాసిన ఫైలు కనపడదు.