గిరాకి మొఖం చదవడం ఎట్లా నేర్చుకోవాలి?

కొత్తవాడ పోరడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక చీరల షాపులో చేరి నాలుగు నెలలైంది. చీరల పేర్లు, రేట్లు, మడతలు అన్నీ వచ్చేశాయి. మనుషులే ఇంకా అంతుచిక్కట్లేదు.

పోయిన వారం పరకాల నుంచి పెండ్లి బట్టలకని ఆరుగురు వచ్చారు. పెండ్లిపిల్ల ముందు కూర్చుని గంటన్నర చూపించాను. గద్వాల, నారాయణపేట, కంచి, ఏదీ వదల్లేదు. ప్రతిదానికీ "ఊఁ" అంటూ తల ఊపింది. నలభై చీరలు విప్పాక అందరూ లేచి వెళ్లిపోయారు. వాళ్లు మెట్లు దిగారో లేదో సేటు అందుకున్నాడు: "గిరాకి ఆ ముసలవ్వ దగ్గరుంటే నువ్వు పిల్ల దగ్గర కూసున్నవ్. అవ్వ ఆ ఆకుపచ్చ చీర అంచు తిరగేసి మూడుసార్లు చూసింది. కనవడలేదా?" నిజంగానే కనబడలేదు.

రెండో బాధ నా మొఖంతోనే. శ్రద్ధగా వింటుంటే నా కనుబొమ్మలు ముడుచుకుంటాయట. ఒకామె "చూపించుడు ఇష్టం లేకుంటే చెప్పు బిడ్డా, వేరే దుకాణం పోతం" అనేసింది. నేనేమో ఆమె అడిగిన రంగు ఏ అరలో ఉందా అని ఆలోచిస్తున్నాను!

యూట్యూబ్‌లో చూస్తే ఎదుటివాళ్ల కళ్లలోకి సూటిగా చూడమన్నారు. ఒకామెను అట్లనే చూశాను. ఆమె భర్త లేచి నిలబడ్డాడు. తర్వాతేమైందో అడగకండి.

ఇది నేర్చుకుంటే వచ్చేదేనా, పుట్టుకతో రావాలా?

పాత గుమాస్తా:
తమ్మీ, నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేశాను. మొదట్లో నాకూ మొఖాలు అర్థమయ్యేవి కావు. మా అడ్తిదారు ఒక్కటే చెప్పాడు: "మొఖం ఇడిసిపెట్టు, చేతులు చూడు." మొఖాన్ని మనిషి కాపాడుకుంటాడు, చేతులను మరిచిపోతాడు.

మిర్చి సీజన్‌లో ములుగు, భూపాలపల్లి దిక్కు రైతులు రాత్రే బస్తాలు దింపుకుని అక్కడే పడుకునేవాళ్లు. పొద్దున రేటు చెప్పగానే "గింత తక్కువనా, మందులకు పెట్టిన పైసలన్నా రావాలె గద" అని గట్టిగా అరిచేవాడు అమ్మకుండా పోడు. ఏమీ అనకుండా తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడా, ఇక వాడు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెడతాడు గానీ మనకియ్యడు.

చిన్నప్పుడు మా నాయనతో పశువుల అంగడికి పోతే అక్కడ దలాల్లు తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేవాళ్లు, పక్కవాళ్లకు ధర తెలియకూడదని. వేళ్లు దాచుకునేవాళ్లు సరే, ధర నచ్చనివాడి మోచెయ్యి వెనక్కి పోయేది. మా నాయన దూరం నుంచి దాన్నే చూసేవాడు. నువ్వు చెప్పిన ఆ ముసలవ్వ కూడా చేతితోనే చెప్పింది కదా, అంచు పట్టుకుని.

హన్మకొండ టీచరక్క:
డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్తాను, అందుకని కొంచెం అడ్డం పడుతున్నా. గుమాస్తా గారి మాట నిజమే, కానీ అది ఆయన ఇరవై రెండేళ్లు చూసిన రైతుల మీద కట్టిన లెక్క. చీరల షాపులో తువ్వాల దులిపిన మనిషికి ఉక్కపోసి ఉండొచ్చు.

వీడియోల్లో "మాటల విలువ 7 శాతం, గొంతుది 38, ముఖానిది 55" అంటారు చూడు, అది ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967లో అచ్చువేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది. విడివిడి మాటలను రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, మాట్లాడే మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా కాదా అని అడిగారు. ఆ అంకెలు ఇష్టాయిష్టాల వరకే. ప్రతి సంభాషణకూ వర్తించవని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. అబద్ధాలు పట్టే విద్య కూడా అంతే. 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు 200కు పైగా పరిశోధనలను కలిపి చూస్తే, జనం నిజమేదో అబద్ధమేదో సరిగ్గా చెప్పింది సగటున 54 శాతం. రూపాయి బిళ్ల ఎగరేసినా 50 వస్తుంది.

కాబట్టి ఏ సైగకూ నిఘంటువు లేదు తమ్ముడూ. గిరాకి వచ్చి కూర్చున్న మొదటి రెండు నిమిషాలు ఎట్లా ఉన్నారో గుర్తు పెట్టుకో. ఎక్కడ మారారో అక్కడ ఆగి అడుగు. ఆ పెండ్లిపిల్ల "ఊఁ" సంగతి కూడా ఆలోచించు. ఆ అవ్వ ముందు నచ్చలేదని నోరు తెరిచి ఎట్లా అంటుంది?

కనుబొమ్మలంటావా, బలవంతంగా నవ్వకు, ఇంకా భయపడతారు. "ఒక్క నిమిషం అమ్మా, ఆ రంగు ఎక్కడుందో యాది చేసుకుంటున్న" అని నోటితో చెప్పెయ్.

కాజీపేట ప్యాసింజర్:
ఇంత చదువు ఎందుకు అక్కా. మా ఇంట్ల గిన్నె కింద పెట్టిన చప్పుడును బట్టే నాకు చాయ్ వస్తదో రాదో తెలుస్తది.

కొత్తవాడ పోరడు:
ప్యాసింజర్ అన్న నవ్వులాటకు అన్నాడు గానీ నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. బాపు జంపఖానాలు నేస్తాడు. గుంత మగ్గం చప్పుడులో మాట సరిగ్గా వినబడదు, అందుకని మా ఇంట్లో సగం మాటలు సైగలే. గడ్డం ఎత్తితే నీళ్లు కావాలని. కోపమొస్తే మగ్గం వేగం పెరగదు, తగ్గుతుంది. ఒక్కో దెబ్బ విడిగా పడుతుంది. అది వినగానే నేనూ చెల్లె వాకిట్లోకి జారుకునేవాళ్లం. ఎవరూ నేర్పలేదు. షాపులో మాత్రం చెప్పుడు మీద పడి చూసుడు మరిచిపోయాను.

నిన్న నర్సంపేట నుంచి ఒక జంట వచ్చింది. ఆయన వచ్చినప్పుడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఐదో చీరకు "మంచిగుంది, మంచిగుంది" అంటూనే కాళ్లు చాపి, గద్దె అంచుకు జరిగి, చెప్పులు ఎక్కడున్నాయో చూస్తున్నాడు. పట్టుచీరలు పక్కకు పెట్టి "ఎంతల అనుకుంటున్నరన్నా?" అని మెల్లగా అడిగాను. మూడువేలన్నాడు. మళ్లీ వెనక్కి జరిగి కూర్చున్నాడు. రెండు తీసుకున్నారు.

సాయంత్రం ఒకామె చేతులు కట్టుకుని కూర్చుంది. నచ్చలేదేమో అనుకున్నాను, అక్క మాట గుర్తొచ్చి అడిగాను. "ఏసీ తగ్గియ్యి బిడ్డా" అంది.

కనుబొమ్మలు మాత్రం అట్లనే ఉన్నాయి. అందుకని గోడ అద్దంలో నా మొఖం కనబడేట్టు కూర్చుంటున్నా. వీనికి సోకు ఎక్కువైందని సేటు అందరికీ చెప్తున్నాడు.