కలల సీరియల్‌లో ఏ సీను ఏ లోకానిదో తేలడం లేదు, ఎవరైనా చెప్పండి

సబ్‌టైటిల్_తిప్పలు:
మధ్యాహ్నం నుంచి ఒకటే సీరియల్ ముందు కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. మా అమ్మకి ఇంగ్లిష్ రాదు, తనకోసం ఆ కలల సీరియల్‌కి తెలుగులో సబ్‌టైటిల్స్ రాస్తున్నా. హీరో డిటెక్టివ్. నిద్రపోతే ఒక లోకం, లేస్తే ఇంకో లోకం. సీను ఎక్కడ జరుగుతోందో తెలియకపోతే ఒక్క లైను ముందుకి వెళ్ళదు. పక్కనున్న పోలీసుతో "ఏరా" అనిపించాలా, "చెప్పండి" అనిపించాలా? రంగు చూస్తే ఇట్టే తెలిసిపోతుందని అందరూ రాశారు. నాకైతే ఏమీ తెలియడం లేదు. పాత్రల జాబితా ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, పుణ్యం ఉంటుంది.

గుడ్లగూబ:
'ఫాలింగ్ వాటర్' కదా? 2016లో మొదలైంది. డిటెక్టివ్ పేరు టాకా, న్యూయార్క్ పోలీసు, నటుడు విల్ యున్ లీ. టెస్‌గా లిజీ బ్రోషెరే, బర్టన్‌గా డేవిడ్ అజాలా. సంబంధం లేని ఈ ముగ్గురి కలలూ ఒకటేనని మెల్లగా బయటపడుతుంది. టెస్‌ని ప్రయోగంలోకి లాగే కోటీశ్వరుడు బిల్ బోర్గ్ వేషం జాక్ ఆర్త్‌ది. రెండు సీజన్లు. చాలా మంచి సీరియల్ అండీ, ఎవరూ చూడలేదు పాపం. టాకా వాళ్ళమ్మ సంగతి అర్థమవ్వాలంటే మాత్రం మొదటి సీజన్ చివరిదాకా ఓపిక పట్టాలి.

సబ్‌టైటిల్_తిప్పలు:
అది కాదండీ, 'అవేక్'. రెండు లోకాల డిటెక్టివ్ అంటే ఇంకేముంటుంది? హీరో పేరు బ్రిటెన్! కారు ప్రమాదం తర్వాత ఒక లోకంలో భార్య బతికుంటుంది, ఇంకో లోకంలో కొడుకు.

క్లుప్తం:
చేతికి రబ్బరు బ్యాండ్ ఉంటుంది. ఎరుపైతే భార్య బతికున్న లోకం. ఆకుపచ్చైతే కొడుకు బతికున్న లోకం. అయిపోయింది.

పాత_టీవీ_పిచ్చి:
ఆహా, 'అవేక్'! 2012 మార్చి నుంచి మే దాకా అమెరికా ఛానెల్ ఎన్‌బీసీలో వచ్చింది. 13 ఎపిసోడ్లకే ఆపేశారు, ఆ కోపం నాకింకా పోలేదు. రాసింది కైల్ కిలెన్. అంతకుముందు అతను తీసిన 'లోన్ స్టార్' రెండు ఎపిసోడ్లకే పోయింది, ఆ లెక్కన ఇది నయమే. నిర్మాతల్లో '24' తీసిన హోవర్డ్ గోర్డన్ కూడా ఉన్నాడు. (మన హిందీలో అనిల్ కపూర్ చేశాడే, దాని అసలుది.)

నటుల దగ్గరికొస్తే, మైకేల్ బ్రిటెన్‌గా జేసన్ ఐజాక్స్. హ్యారీ పాటర్‌లో తెల్లజుట్టు లూషియస్ మాల్ఫాయ్ ఈయనే. అందులో విషం చిమ్మే మనిషి ఇందులో నిద్రకే భయపడే మనిషిగా ఎలా మారాడో చూడాలి. భార్య హన్నాగా లారా ఆలెన్. కొడుకు రెక్స్‌గా డిలన్ మినెట్, తర్వాత '13 రీజన్స్ వై'తో పేరొచ్చిన కుర్రాడు. సైకియాట్రిస్టులు ఇద్దరు. డాక్టర్ లీగా బీడీ వాంగ్, జురాసిక్ పార్క్‌లో డైనోసార్లని పుట్టించిన సైంటిస్టు. డాక్టర్ ఎవాన్స్‌గా చెర్రీ జోన్స్, '24'లో అమెరికా అధ్యక్షురాలు. ఇంత పెద్ద నటుల్ని ఒక్క సీజన్‌కి పెట్టి వదిలేసిన వాళ్ళని ఏమనాలి?

సబ్‌టైటిల్_తిప్పలు:
చాలా థాంక్స్ సార్, కానీ నా ప్రశ్న అది కాదు. బ్యాండ్ చూస్తూనే ఉన్నా. రెండు లోకాల్లోనూ ఒకేలా ఉంది.

క్లుప్తం:
ఒకేలా ఉండదు. టీవీ సెట్టింగ్ చూసుకోండి.

అద్వైతం_అభిమాని:
మీరంతా రంగుల దగ్గరే ఆగిపోయారు. ఒకనాడు జనక మహారాజుకి తాను బిచ్చగాడైనట్టు కల వచ్చింది. లేచి చూస్తే హంసతూలికా తల్పం. "అది నిజమా, ఇది నిజమా" అని సభలో అందరినీ అడిగాడు. ఎవరూ చెప్పలేకపోతే అష్టావక్రుడు వచ్చి, "రెండూ కావు, రెంటినీ చూస్తున్న నువ్వే నిజం" అన్నాడు. బ్రిటెన్ బాధ అచ్చంగా ఇదే. లీ దగ్గరికి వెళితే ఎవాన్స్ లోకం కల అంటాడు. ఎవాన్స్ దగ్గరికి వెళితే లీ లోకం కల అంటుంది. మాండూక్యోపనిషత్తులో జాగ్రత్ (మెలకువ), స్వప్న (కల), సుషుప్తి (గాఢనిద్ర) అని మూడు అవస్థలు చెప్పి, వాటిని దాటిన నాలుగోది తురీయం అన్నారు. చివరి ఎపిసోడ్‌లో వచ్చే ఆ మూడో...

పాత_టీవీ_పిచ్చి:
అయ్యా, ఆపండి! ఆయన ఇంకా మొదటి ఎపిసోడ్‌లోనే ఉన్నారు.

లాజిక్_కావాలి:
ఇంతకీ దీన్ని సైన్స్ ఫిక్షన్ అని ఎవరన్నారు? యంత్రం లేదు, మందు లేదు, ఏ వివరణా లేదు. కారు ప్రమాదం తర్వాత ఒకడు రెండు బతుకులు బతుకుతాడు, అంతే. ఇది పోలీసు కథ, కాస్త ఫాంటసీ కలిపారు.

గుడ్లగూబ:
సమాంతర లోకాలుంటే సైన్స్ ఫిక్షనే. ఒక లోకంలో దొరికిన ఆధారం రెండో లోకంలోని కేసుకి పనికొస్తుంది, దాన్నేమంటారు?

లాజిక్_కావాలి:
యాదృచ్ఛికం అంటారు. రచయిత సౌకర్యం అని కూడా అంటారు.

సబ్‌టైటిల్_తిప్పలు:
మీ గొడవ తర్వాత పెట్టుకోండి. సెట్టింగ్ మార్చా, ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశా, ఏ తేడా లేదు. నాకు చిన్నప్పటి నుంచీ ఎరుపూ ఆకుపచ్చా ఒకలాగే కనిపిస్తాయి. సిగ్నల్ దగ్గర పైది వెలిగిందా, కిందిది వెలిగిందా అని చూసి బండి నడిపే మనిషిని. ఆ బ్యాండ్ తప్ప గుర్తులే లేవా ఈ సీరియల్‌లో?

గుడ్లగూబ:
ఓరి దేవుడా. ఇది మొదటి పోస్టులోనే రాయాల్సిన మాట కదండీ!

సబ్‌టైటిల్_తిప్పలు:
ఎవరూ అడగలేదు.

కంటి_మాట:
దీన్ని వర్ణాంధత్వం అంటారు గానీ లోకం నలుపు తెలుపుగా కనిపిస్తుందని కాదు. సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాళ్ళకి ఎక్స్ ఒక్కటే కాబట్టి వాళ్ళలోనే ఎక్కువ. పిల్లల్ని బడిలో వేసేటప్పుడే రంగులు పోల్చగలరో లేదో తేల్చే ఇషిహారా చుక్కల పుస్తకం చూపించాలని నేను మొత్తుకుంటూనే ఉంటాను. రైల్వేలో ఉద్యోగానికి వెళ్ళి అక్కడ మెడికల్‌లో బయటపడితే ఆ కుర్రాడి గతేంటి?

సరే, మీ విషయం. ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయే వాళ్ళకి కూడా పసుపు, నీలం తేడా మామూలుగా బాగానే తెలుస్తుంది. కాబట్టి బ్యాండ్ వదిలేసి సీను మొత్తాన్ని చూడండి. హన్నా ఉన్న లోకాన్ని వెచ్చగా, ఎండ పడ్డట్టు పసుపు ఛాయలో తీశారు. రెక్స్ ఉన్న లోకం చల్లగా, నీలివైపు ఉంటుంది. ఫోన్లో చూస్తే యాక్సెసిబిలిటీలో కలర్ కరెక్షన్ అని ఉంటుంది, అది కూడా వేసి చూడండి.

పాత_టీవీ_పిచ్చి:
రంగే అక్కర్లేదు, మనుషుల్ని చూసి చెప్పేయొచ్చు. డాక్టర్ లీ కనిపిస్తే హన్నా లోకం. సూటిగా గుచ్చి గుచ్చి అడుగుతాడు. డాక్టర్ ఎవాన్స్ కనిపిస్తే రెక్స్ లోకం, ఆవిడ మెత్తగా మాట్లాడుతుంది. టెన్నిస్ కోచ్ టారా (మికేలా మెక్‌మానస్) వచ్చినా రెక్స్ లోకమే అనుకోండి. ఇల్లు మారదామనే మాట వస్తే హన్నా లోకం.

మీ "ఏరా, చెప్పండి" సంగతి: రెక్స్ లోకంలో పార్ట్‌నర్ ఐసయా ఫ్రీమన్, అందరూ బర్డ్ అంటారు, స్టీవ్ హ్యారిస్ వేశాడు. ఏళ్ళ స్నేహం, "ఏరా" అనిపించండి. హన్నా లోకంలో పార్ట్‌నర్ ఎఫ్రెమ్ వేగా, విల్మర్ వాల్డెరామా. కొత్తగా డిటెక్టివ్ అయిన కుర్రాడు, వేగా బ్రిటెన్‌ని "సార్, మీరు" అనాలి. కెప్టెన్ హార్పర్ (లారా ఇన్నిస్) రెండు లోకాల్లోనూ ఉంటుంది, ఆవిడతో గుర్తు పట్టలేరు. "మేడమ్" అని పెట్టేయండి. ఆవిడ గురించి ఇంకో మాట ఉంది గానీ ఇప్పుడు చెప్పను.

క్లుప్తం:
వేగా యూనిఫామ్‌లో కనిపిస్తే రెక్స్ లోకం. అక్కడ వాడు మామూలు కానిస్టేబులే.

గుడ్లగూబ:
12వ ఎపిసోడ్ పేరే 'టూ బర్డ్స్'. అక్కడ బర్డ్‌ని నమ్ముకుంటే మునిగిపోతారు, రెండు లోకాల్లోనూ ఉంటాడు.

అద్వైతం_అభిమాని:
బర్డ్ ఒక్కడే, ఉపాధి (వేదాంతంలో పైకి కనిపించే రూపం) వేరు. నేను చెప్పేది కూడా అదే.

సబ్‌టైటిల్_తిప్పలు:
నీలం, పసుపు చిట్కా పగటి సీన్లకి పనిచేస్తోంది. రాత్రి సీన్లకి డాక్టర్లని, పార్ట్‌నర్లని చూసి రాస్తున్నా. రెండో ఎపిసోడ్ మొదలుపెట్టా. ఉంటానండి.

లాజిక్_కావాలి:
సమాంతర లోకాలని ఆ సీరియల్‌లో ఎక్కడైనా ఎవరైనా అన్నారా? ఏ ఎపిసోడో చెప్పండి, నేను ఒప్పుకుంటా.

పాత_టీవీ_పిచ్చి:
తిప్పలు గారూ, రాత్రి పూట బ్రిటెన్ కారులో ఒక్కడే వెళ్ళే సీన్లకి ఏం చేస్తున్నారు? అక్కడ పక్కన ఎవరూ ఉండరు కదా.