ఒకే క్లాసులో మూడు గుంపులు చేసి చెప్పడం కరెక్టేనా? టీచర్లూ పేరెంట్సూ ఇద్దరూ చెప్పండి

సుద్దముక్క:
కోనసీమలో ఒక లంక ఊరి ప్రైమరీ స్కూల్లో ఎస్జీటీ టీచర్ని అండి. 3, 4, 5 తరగతులు కలిపి 16 మంది నా దగ్గరే. జూన్‌లో ఒక్కొక్కళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూస్తే ఆరుగురు అక్షరాల దగ్గరే ఆగిపోయారు, ఐదుగురు పదాలు కూడబలుక్కుంటున్నారు, గడగడా పేరా చదివింది ఐదుగురే. ఆ ఆరుగురిలో ఐదో తరగతి కుర్రాడు కూడా ఉన్నాడు. అందుకని రోజూ మొదటి గంట తరగతుల సంగతి పక్కనపెట్టి ఎవరు ఎక్కడున్నారో అక్కణ్ణించే మూడు గుంపులుగా చెప్తున్నా, మిగతా టైమంతా మామూలు పాఠాలే. మొన్న ఆ ఐదో తరగతి వాడి మామ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడి "ఏమ్మా, మావోణ్ణి మూడో తరగతోళ్ళ పక్కన కూకోబెట్టేవంట, ఆడికి బుర్ర లేదనా?" అంది. ఏదో సర్దిచెప్పి పంపాను గానీ ఆ మాట రెండ్రోజుల్నించి వదలట్లేదు. మీరేమంటారు?

పాలకొల్లు నాన్న:
ఆ మామ్మగారు అన్నదాంట్లో తప్పేముందండి. మా అమ్మాయి ప్రైవేట్ స్కూల్లో ఆరో తరగతి. మార్కుల్ని బట్టి ఏ, బీ, సీ సెక్షన్లు చేశారు, మా అమ్మాయికి సీ. వాళ్ళు చెప్పింది కూడా అచ్చం మీరు చెప్పిందే, "పిల్ల లెవెల్‌కి తగ్గట్టు చెప్తాం సార్" అని. తీరా చూస్తే మంచి లెక్కల మాస్టారు ఏ సెక్షన్‌కి, కొత్తగా చేరిన వాళ్ళు సీకి. రెండు నెలల్లో మా పిల్ల ఇంటికొచ్చి స్కూల్ గురించి చెప్పడం మానేసింది, చుట్టాలు ఏ సెక్షనమ్మా అనడిగితే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. తగ్గట్టు చెప్పడం అనే మాట వింటేనే నాకు మండుద్ది.

వశిష్ఠ గట్టు:
రెండూ ఒకటి కాదండి. మీ స్కూల్ చేసింది సెక్షన్ విడగొట్టడం, టీచర్ గారు చేసేది రోజుకో గంట. ముంబై, వడోదరలో 2000ల మొదట్లో వెనకబడ్డ పిల్లల్ని రోజుకి రెండు గంటలు పక్కకి తీసుకెళ్ళి ఆ ఊరి అమ్మాయిల చేతే చెప్పిస్తే మార్కులు బాగా పెరిగాయి, బాలసఖి అనేవారు. ఆ పరిశోధన చేసిన వాళ్ళలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు, 2019లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చిన ముగ్గురిలో ఇద్దరు వీళ్ళే. పోనీ సెక్షన్లే విడగొట్టినా, కెన్యాలో 121 స్కూళ్ళలో చేసి చూశారు, మార్కుల్ని బట్టి విడగొట్టిన చోట పై సగమూ బాగుపడింది కింద సగమూ బాగుపడింది. ఇటు మన సంగతి చూడండి, పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే 2024 ప్రకారం దేశంలో పల్లెటూళ్ళ గవర్నమెంట్ స్కూళ్ళ మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పుస్తకం చదవగలిగేది 23.4 శాతం. మిగతా వాళ్ళకి రోజూ మూడో తరగతి పాఠం చెప్పడమంటే ఎవరికి చెప్తున్నట్టు?

బావగారు:
ఆయ్. మా రోజుల్లో ఒక మాస్టారు, అరవై మంది పిల్లలు, ఒక బెత్తం. అందరం కలిసి ఎక్కాలు అరిచేవాళ్ళం, అందరికీ వచ్చేశాయి. ఈ గుంపులూ లెవెళ్ళూ అన్నీ ట్రైనింగుల్లో టీ బిస్కెట్లిచ్చి నేర్పించే మాటలు.

వశిష్ఠ గట్టు:
అందరికీ వచ్చేశాయని చెప్పేది వచ్చినోళ్ళే కదా బావగారు. రానోళ్ళు రెండో తరగతిలోనే మానేసి చేలోకి పోయారు, వాళ్ళీ చర్చలో లేరు.

బావగారు:
అదీ నిజమే అనుకోండి. మా అన్నయ్యే ఉన్నాడు.

సుద్దముక్క:
వశిష్ఠ గారూ, కెన్యా లెక్కలో ఒక ముక్క వదిలేశారు. అక్కడ సెక్షన్లు విడగొట్టడానికి ప్రతి స్కూల్‌కీ అదనంగా ఒక టీచర్ని ఇచ్చారు. నాకెవరిచ్చారండి? చట్టప్రకారం 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలి, మా రెండో ఆవిడ ఆగస్టు నుంచి డెప్యుటేషన్ మీద వేరే స్కూల్లో ఉన్నారు. ఒకటీ రెండు తరగతుల వాళ్ళని వరండాలో దిద్దుకోమని కూర్చోబెట్టి, ఇక్కడ అక్షరాల గుంపుతో నేలమీద కూర్చుంటే అక్కడ పదాల గుంపు కొట్టుకుంటది, లేచి అటెళ్తే భోజనం గుడ్లు లెక్కపెట్టి ఫోటో పెట్టమని ఫోన్. మూడు గుంపులకి రోజూ మూడు రకాల పని రాత్రి ఇంట్లో రాసుకుంటా, పలకల వెనక కాగితాలు అంటించి. చేయకూడదని కాదు నా మాట, ఒక్క మనిషి చేసే పని ఎంతవరకూ అని.

పాలకొల్లు నాన్న:
అదే మేడం, మీలా రాత్రి కూర్చుని రాసుకునే వాళ్ళు ఎంతమంది? మిగతా చోట్ల గుంపులు మాత్రం మిగుల్తాయి, పని ఉండదు. ఇంతకీ మీ గుంపులు ఎలా పెట్టారు, చదివిస్తే చదవని వాళ్ళందరూ లెక్కల్లో కూడా కిందేనా?

సుద్దముక్క:
భలే చోట పట్టుకున్నారు. మొదట అలాగే పెట్టేశాను, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా. ఆ మామ్మగారి మనవడే, వాళ్ళ నాన్న కొబ్బరికాయలు ఒలుస్తాడు. సెప్టెంబర్‌లో ఒకరోజు సాయంత్రం గేటు దగ్గర వాళ్ళ నాన్న ఈరోజు 650 ఒలిచాను అంటుంటే వీడు నోటితోనే "వందకి తొంబై, ఆరొందలకి ఐదొందల నలభై, యాభైకి నలభైయైదు, ఐదొందల ఎనభైయైదు, దుకాణం బాకీ నూటిరవై తీసేత్తే నాలుగొందల అరవయ్యైదు" అనేశాడు, నేను ఇంకా గుణిస్తున్నా. మర్నాడు అదే లెక్క బోర్డు మీద రాసి ఇచ్చా. "మొత్తం" అన్న మాట దగ్గర ఆగిపోయాడు. మొ... తం, మొ... తం. తకి తవత్తు కనపడేసరికి చెమటలు. వీడికి రానిది లెక్క కాదు, లెక్కని చదవడం. నేనేమో మూడు నెలలు వాడిచేత ఒకట్లు పదులు పుల్లలు కట్టించా.

వశిష్ఠ గట్టు:
ఇది మీ ఒక్కరి సంగతే కాదండి. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మే పిల్లల మీద 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బేరం లెక్కలు నోటితో టకటకా చెప్పేవాళ్ళు అవే లెక్కలు పుస్తకంలో ఇస్తే చేయలేకపోయారు, స్కూల్లో బాగా చదివే పిల్లలేమో బజారు లెక్క ఇస్తే తడబడ్డారు. రాసినవాళ్ళలో మళ్ళీ ఆ బెనర్జీ, డఫ్లోనే.

భవిత టీచర్:
నేను మండలంలో భవిత కేంద్రంలో పనిచేస్తానండి, ప్రత్యేక అవసరాల పిల్లలతో. మీరందరూ గుంపుల దగ్గరే ఆగిపోయారు. మా దగ్గరికి ఒక పాపని డల్ అని పంపారు, బోర్డు మీదవి తప్పులు రాస్తుందట. నా ఫోన్‌లో అక్షరం పెద్దది చేసి చూపిస్తే తప్పు లేకుండా రాసింది. కళ్ళజోడు పెట్టించి ముందు వరసలో కూర్చోబెట్టాక ఇంకే గుంపూ అక్కర్లేకపోయింది. ఒక బాబుకి ఎడమ చెవి వినపడదు, టీచర్ కుడివైపు నిలబడి చెప్తే చాలు. చదవడంలో లోపం, అదే డిస్లెక్సియా లాంటివి 2016 వికలాంగుల చట్టంలో 21 రకాల్లో ఉన్నాయి. అలాంటి పిల్లాడిచేత అదే అక్షరం ఇంకో వందసార్లు దిద్దిస్తే వాడికి వచ్చేది విసుగే. సుద్దముక్క గారూ, మీ లెక్కల కుర్రాణ్ణి ఒకసారి చూపించండి, నోటితో అంత చురుకు ఉండి ఒత్తుల దగ్గర ఇన్నాళ్ళు ఆగాడంటే చూడాల్సిందే. ఇంకోటి, ట్రైనింగుల్లో ఈ పిల్లాడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్ల విని నేర్చుకునే రకం అని కాగితాలు పంచుతారు చూడండి, వాటికి రుజువు లేదని 2008లోనే తేల్చారు, అవి నమ్మి పిల్లల్ని విడగొట్టకండి.

పాలకొల్లు నాన్న:
ఇది బాగుంది. ఇందులో ఎవరికీ పేరు పెట్టక్కర్లేదు.

మదనపల్లె కోడలు:
మాది రాజమండ్రే, మెట్టినిల్లు మదనపల్లె. అక్కడ రిషి వ్యాలీ వాళ్ళ చిన్న చిన్న పల్లె బళ్ళలో తరగతి గోడలే లేవు. గోడకి ఒక మెట్ల నిచ్చెన బొమ్మ, ఒక్కో మెట్టుకి ఒక్కో కార్డు, పిల్లాడు తన మెట్టు కార్డు తనే తీసుకుని చేసుకుంటాడు. తమిళనాడు కూడా అక్కణ్ణించి తీసుకుని గవర్నమెంట్ స్కూళ్ళలో పెట్టుకుంది. పాత రోజుల వీధిబళ్ళలోనూ అంతే కదండి, తరగతుల్లేవు, ఎవడి పాఠం వాడిది, ఒకడు ఇసకలో దిద్దుతుంటే ఒకడు పద్యం అప్పజెప్పేవాడు. బావగారు చెప్పిన అరవై మందిని వరసగా కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పడమే తర్వాత వచ్చింది.

బావగారు:
మళ్ళీ నా మీద పడ్డారా. సరే, మెట్లే మంచివి. కానీ అమ్మాయ్, పై మెట్టు మీదున్నోడు కిందోణ్ణి చూసి నవ్వడా?

పాలకొల్లు నాన్న:
నేనూ అదే అడుగుతున్నా. ఒకే ఒక్క ప్రశ్న మేడం. కింద గుంపులో జూన్‌లో ఆరుగురు అన్నారు. సంక్రాంతికి ఎంతమంది ఉన్నారు? మా అమ్మాయి స్కూల్లో సీ నుంచి బీకి ఒక్కళ్ళు వెళ్ళలేదు, నేను హెచ్ఎంని అడిగాను, "ఇయర్ మధ్యలో మార్చం సార్" అన్నారు. మారలేని గుంపుకి లెవెల్ అని పేరెందుకండి, అది కులం.

సుద్దముక్క:
ముగ్గురున్నారు. నలుగురు పదాల్లోకి వచ్చారు, ఒకమ్మాయి పైనుంచి కిందకొచ్చింది. ఆ పిల్లవాళ్ళది ఏటి అవతల, ఆగస్టులో లంకలోకి నీళ్ళొచ్చి నెల రోజులు బడికి రాలేదు, అక్షరాలన్నీ కొట్టుకుపోయాయి. నేను శనివారం శనివారం చదివించి మారుస్తా, గుంపులకి పేర్లు కూడా పెట్టలేదు, చాప మార్చుకుని కూర్చుంటారంతే. లెక్కలకి వేరే గుంపులు ఇప్పుడు. ఆ కొబ్బరి కుర్రాడు చదువులో ఇంకా కింద చాప మీదే, లెక్కల్లో పై చాప, మూడో తరగతి పిల్లకి కూడికలో పది మోసుకోవడం వాడే నేర్పుతున్నాడు. నవ్వరా అంటే నవ్వుతారు బావగారు. పొద్దున నవ్వినోడు లెక్కల టైముకి వీడి పక్కకొచ్చి కూర్చోవాలి, అక్కడ తగ్గుతారు.

పాలకొల్లు నాన్న:
శనివారం శనివారం అంటే సరే. నేను గుంపులకి ఇప్పటికీ ఒప్పుకోను, మీ ఒక్కరి క్లాసుకి ఒప్పుకుంటా. మిగతా ఇద్దరి సంగతేంటి?

సుద్దముక్క:
ఒకడు ఈ కుర్రాడే, వచ్చే వారం భవితకి తీసుకెళ్తా, వాళ్ళ మామ్మ కూడా వస్తానంది. రెండోవాడి అమ్మ మస్కట్‌లో పనిచేస్తుంది, తాతతో ఉంటాడు, రొయ్యల చెరువు పట్టుబడి ఉన్న రోజు బడికి రాడు. వాడికి ఏం చెప్పాలో నాకు తెలుసు, వాడు ఎప్పుడు వస్తాడో తెలీదు.

పాలకొల్లు నాన్న:
మీరు చదివించే ఆ కాగితం ఒకటి ఫోటో తీసి పెట్టండి మేడం. మా అమ్మాయి హెచ్ఎంకి చూపిస్తా, నెలకోసారైనా ఇలా చూసి మార్చండి అని.

సుద్దముక్క:
స్కూల్లో ఉందండి. రేపు ఆదివారం కదా, సోమవారం పెడతా.