బండి మీద మ్యాప్: ఫోన్ హ్యాండిల్‌కా, జేబులోనా?

రాజాం కుర్రాడు:
అన్నలూ, విశాఖ గాజువాకలో ఉంటున్నా, ఆఫీసు రుషికొండకి మారింది, వచ్చే నెల అరకు కూడా వెళ్లాలి. ఫోన్ హ్యాండిల్‌కి బిగిస్తే ఎండకి స్క్రీన్ కనబడదు, ఫోన్ కాలిపోతోంది. జేబులో పెట్టి రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెడితే వెనక బస్సు హారనే వినబడట్లేదు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరైతే మరీ టెన్షన్, నేను ఫ్లైఓవర్ మీదుంటే మ్యాప్ కింద రోడ్డు అనుకుని ఎడమకు తిరగమంటుంది. మీరెలా వెళ్తున్నారు?

డెలివరీ అన్న:
తమ్ముడూ, ఎన్‌ఏడీలో ఫోన్ మాట వినకు, బోర్డు చూడు. జీపీఎస్ ఎత్తుని అంత కచ్చితంగా పట్టలేదు, పై రోడ్డూ కింద రోడ్డూ మ్యాప్‌లో ఒకదాని మీద ఒకటి పడతాయి కదా. రుషికొండకైతే తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ; అరకుకైతే గోపాలపట్నం, పెందుర్తి. ఈ పేర్లు బండి తీసేముందే బుర్రలో పెట్టుకో. తప్పు వైపు దిగిపోయావనుకో, కొంపలేం మునగవు, ముందుకెళ్లి తిప్పుకో. ఆఖరి నిమిషంలో లారీ ముందు నుంచి అడ్డంగా కోసేవాళ్లని రోజూ చూస్తున్నా, ఒళ్లు మండుతుంది. నేనైతే హెల్మెట్‌లో చిన్న బ్లూటూత్ స్పీకర్ పెట్టుకున్నా, చెవులు మూసుకోవు.

బుల్లెట్ బాబాయ్:
స్పీకర్ సరే గానీ మౌంట్, అదే హ్యాండిల్‌కి ఫోన్ బిగించే హోల్డర్, కూడా తప్పేం కాదు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం నడిపేటప్పుడు ఫోన్ దారి చూసుకోవడానికే వాడాలి, అదీ ధ్యాస చెదరకుండా. అడ్రస్ టైప్ చేయాలంటే పక్కకి ఆపి చెయ్యి, సిగ్నల్లో పచ్చలైటు పడ్డాక కాదు. ఇంకోటి, పెద్ద ఇంజిన్ల వైబ్రేషన్‌కి ఐఫోన్ కెమెరా ఫోకస్ పాడవ్వొచ్చని ఆపిల్ వాళ్లే 2021లో చెప్పారు. బిగిస్తే అదురు తగ్గించే వైబ్రేషన్ డాంపర్ ఉన్న హోల్డరే కొను, పాటలు వినే పాత ఫోనేదైనా ఉంటే దాన్ని బిగించు, ఇంకా మంచిది.

ఎస్.కోట సత్తిబాబు:
అరకు ఘాట్‌లో అక్కడక్కడా సిగ్నల్ పోద్ది, ఇంట్లో వైఫై మీదే ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకో. మనం ఎక్కడున్నామో శాటిలైట్ల నుంచే తెలుస్తుంది, దానికి నెట్ అక్కర్లేదు, నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మకీ ట్రాఫిక్‌కీ. అయినా మా ఊరు దాటాక పైకి మెయిన్ రోడ్డు పట్టుకుని పోవడమే, ఆ మలుపుల్లో స్క్రీన్‌తో పనేంటి? ఫోన్ లోపల పెట్టేసి ఎదురొచ్చే బస్సుల్ని చూసుకో.

రాజాం కుర్రాడు:
మ్యాప్ దింపేస్తున్నా అన్నా. పెట్రోల్ పైన దొరుకుతుందా?

ఎస్.కోట సత్తిబాబు:
దొరుకుద్దిలే గానీ ఇక్కడే ఫుల్ చేయించేసి ఎక్కు.