అమ్మాయిని రంపంతో కోసే ట్రిక్కు అసలు ఎవరిది?

పర్లాకిమిడి పాతకాపు:
నిన్న టీ బడ్డీ దగ్గర తెగని గొడవ ఇక్కడ పెడుతున్నాను. నా లెక్కలో ఈ ట్రిక్కు మన బెంగాలీ మెజీషియన్ పి.సి. సర్కార్‌దే. 1956 ఏప్రిల్ 9న లండన్ బీబీసీ టీవీలో పనోరమా అనే ప్రోగ్రాంలో దీప్తి డే అనే పదిహేడేళ్ల అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టి కరెంటు రంపంతో కోశాడు. చేతులు రుద్దాడు, పేరు పెట్టి పిలిచాడు, పలకలేదు. తల అడ్డంగా ఊపి ముఖం మీద నల్లగుడ్డ కప్పేశాడు. అంతలో యాంకర్ కెమెరాకు అడ్డొచ్చి ప్రోగ్రాం అయిపోయిందన్నాడు. అమ్మాయి చచ్చిపోయిందని బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు! టైమ్ దాటిందని వాళ్లన్నారు గానీ, నన్నడిగితే ఆ టైమ్ దాటించడమే అసలు కనికట్టు.

బరంపురం బాబాయి:
సొమ్మొకడిది సోకొకడిది. 1921 జనవరిలోనే లండన్‌లో పి.టి. సెల్బిట్ పెట్టెలో పెట్టి జనం ముందు కోశాడు. అదే ఏడాది అమెరికాలో హొరేస్ గోల్డిన్. కరెంటు రంపం కూడా గోల్డిన్ సర్కార్ కంటే ముందే తెచ్చాడు. ముప్పై అయిదేళ్ల తర్వాత వచ్చినాయనకు పట్టా రాసిచ్చేస్తారా?

పర్లాకిమిడి పాతకాపు:
పట్టా అన్నారు కాబట్టి చెప్తున్నా బాబాయ్. గోల్డిన్ 1923లో నిజంగానే పేటెంట్ తీసుకున్నాడు. దానికోసం కిటుకంతా బొమ్మలు గీసి మరీ ఇవ్వాల్సొచ్చింది! తర్వాత ఒక సిగరెట్ కంపెనీ ప్రకటనలో గుట్టు విప్పేస్తే కేసేసి ఓడిపోయాడు. కనిపెట్టినవాడి హక్కు అంతే మరి.

రాయగడ నుంచి:
మీ ఇద్దరికీ రంపం తప్ప ఇంకేం కనబడదా? సర్కార్ షో పొడుగునా వచ్చేది ‘వాటర్ ఆఫ్ ఇండియా’. చెంబులో నీళ్లన్నీ ఒంపేస్తాడు, ఇంకో ఐటెం చేసొచ్చి మళ్లీ వంచితే మళ్లీ నీళ్లు. అలాంటిదే చిన్నప్పుడు బరంపురం ఠాకురాణీ యాత్రలో, అదే అమ్మవారి జాతరలో చూశాను, మా పెద్దమ్మతో వెళ్లి. గారడీ అతను గోనెపట్టా పరుచుకుని, తెలుగులో మొదలెట్టి, ఒడియావాళ్లు మూగాక ఒడియాలోకి మారి, ఇత్తడి చెంబు ఆరేడుసార్లు ఒంపాడు. నేను ముందు వరసలో గొంతుక్కూర్చున్నాను. అతని బొటనవేలు చెంబు మెడ దగ్గర ఒకేచోట ఆని ఉంది. చెంబు నిలబెట్టాక మాత్రం కాస్త లేచేది. లోపల రెండు గోడలుంటాయి. మెడ దగ్గరి కన్నం తెరిస్తే గాలి వెళ్లి, గోడల మధ్య నీళ్లు నడిమి గొట్టంలోకి దిగుతాయి, మూస్తే ఎక్కడివక్కడే. పెద్దమ్మతో అంటే ‘నోర్మూసుకుని పావలా వెయ్యి’ అంది. ఈ చెంబు ట్రిక్కు మన వీధి గారడీవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నదే. కనిపెట్టినవాడి పేరే లేదు. దీనికి ఎవరి పేర పట్టా ఇద్దాం బాబాయ్?

బరంపురం బాబాయి:
పట్టా సంగతి తర్వాత. అతని కూడు మీద కొట్టేలా గుట్టంతా రాసేశావేంటి? పెద్దమ్మ మాట వినలేదన్నమాట.

రాయగడ నుంచి:
పావలా అయితే వేశాను.