పాత నమూనా చీటీల్లోని జిల్లా పేర్లను మార్చి రాయవచ్చా?

ప్రశ్న (హనుమకొండ, వృక్షశాస్త్ర విద్యార్థిని):
మ్యూజియంలలో భద్రపరచిన ఎండు మొక్కల నమూనాల చీటీలను ఫొటోల్లో చూసి, వాటి వివరాలను టైపు చేసే స్వచ్ఛంద సేవలో ఈమధ్యే చేరాను. చీటీపై "ఏటూరునాగారం, వరంగల్ జిల్లా" అని ఉంటే, ఆ ఊరు ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది కనుక సరిదిద్దాలా? తేదీలో నెలకు బదులు రోమన్ అంకెలు ఉంటే ఏం చేయాలి?

జవాబు (కాజీపేట):
సరిదిద్దకండి. ములుగు జిల్లా ఏర్పడింది 2019లో. అంతకు ఎంతో ముందు అడవికి వెళ్లిన సేకర్త రాసినది ఆనాటికి సరైనదే. జీవ నమూనాల వివరాలను నమోదు చేసే డార్విన్ కోర్ ప్రమాణంలో చీటీపై ఉన్న స్థల వివరాన్ని యథాతథంగా ఉంచడానికి ఒక గడి, జిల్లా, రాష్ట్రం వంటి వాటికి వేరే గడులు ఉంటాయి కనుక, నేటి పేరును చేర్చే పనిని ఆ తరువాత నిపుణులు చూసుకుంటారు. రోమన్ అంకె నెలనే సూచిస్తుంది: పదకొండు ఉంటే నవంబరు. రోజు ఏదో నెల ఏదో తారుమారు కాకుండా సేకర్తలు పాటించిన మంచి పద్ధతి అది.

జవాబు (నర్సంపేట, ఉపాధ్యాయుడు):
పై మిత్రుని మాటకు ఒక చేర్పు. జిల్లా పేరు పాతదని వదిలేస్తే ఇంకా ప్రమాదం. మా పక్కన పాకాల చెరువు ఉంది, తిరుపతి జిల్లాలోనూ పాకాల ఉంది. జిల్లా లేకపోతే మా అడవి మొక్క అక్కడి పటంలో మొలుస్తుంది! చేతిరాత అర్థం కాకపోతే ఊహించి నింపకండమ్మా, ఖాళీగా వదలడమే మేలు. స్వచ్ఛంద సేవకులు చీటీలను టైపు చేసే నోట్స్ ఫ్రమ్ నేచర్ వంటి ఆన్‌లైన్ వేదికల్లో ఒకే చీటీని పలువురికి చూపించి, వారు టైపు చేసినవాటిని పోల్చి చూస్తారు.