కౌబాయ్‌లో ఒక్క హ్యాండ్లర్‌కే ఐడిల్ టైమవుట్ మార్చడం ఎలా?

ఎర్లాంగ్ వెబ్ సర్వర్ అయిన కౌబాయ్ 2.9లో లూప్ హ్యాండ్లర్‌తో (కనెక్షన్ తెరిచే ఉంచి సందేశాల కోసం ఎదురుచూసే కోడ్) సర్వర్-సెంట్ ఈవెంట్స్ (సర్వర్ నుంచి క్లయింట్‌కి వరుసగా వెళ్లే అప్‌డేట్లు) పంపుతున్నాను, హెచ్‌టీటీపీ 1.1, టీఎల్ఎస్ లేదు. కనెక్షన్ సరిగ్గా 60 సెకన్లకు తెగిపోతోంది, ఒక్క సెకను కూడా అటూ ఇటూ కాదు. ముందు ప్రాక్సీ మీద అనుమానం వచ్చింది కానీ నేరుగా 8080 పోర్టుకి కర్ల్ (కమాండ్‌లైన్ హెచ్‌టీటీపీ టూల్) కొట్టినా అదే తంతు.

ఐడిల్_టైమవుట్ (డేటా ఏదీ రాకపోతే కనెక్షన్ మూసేసే గడువు) డిఫాల్ట్ 60000 మిల్లీసెకన్లని తెలుసు. అందుకే 20 సెకన్లకోసారి పింగ్ లైను పంపాను, కర్ల్‌లో రెండు పింగులు కళ్ల ముందే కనిపించాయి, అయినా తెగింది. క్లయింట్ నుంచి వచ్చే డేటానే లెక్కలోకి తీసుకుంటుందని అప్పుడు అర్థమైంది. సర్వర్‌ని మొదలుపెట్టే స్టార్ట్_క్లియర్ ఫంక్షన్ మూడో ఆర్గ్యుమెంట్‌లో ఐడిల్_టైమవుట్‌కి ఇన్ఫినిటీ పెడితే పనిచేస్తోంది గానీ అది లిజనర్ (ఆ పోర్టులో కనెక్షన్లు తీసుకునే భాగం) మొత్తానికీ వర్తిస్తుంది, మామూలు ఏపీఐ రూట్లలో మధ్యలో ఆగిపోయిన అప్‌లోడ్లు కూడా అలాగే వేలాడుతూ ఉండిపోతున్నాయి. వెబ్‌సాకెట్‌కి ఇచ్చినట్టే ఇనిట్ (రిక్వెస్ట్ రాగానే హ్యాండ్లర్‌లో మొదట నడిచే ఫంక్షన్) రిటర్న్‌లో నాలుగోదిగా ఆప్షన్ల మ్యాప్ ఇచ్చి చూశాను, ఫంక్షన్_క్లాజ్ ఎర్రర్‌తో హ్యాండ్లర్ క్రాష్ అయింది. ఇంకో పోర్టులో వేరే లిజనర్ తెరవడం నాకు ఇష్టం లేదు.

లిజనర్ సెట్టింగ్ ముట్టుకోకుండా, ఈ ఒక్క రిక్వెస్ట్‌కే ఇనిట్ లోపల నుంచి ఐడిల్_టైమవుట్ మార్చే పద్ధతి ఏమైనా ఉందా?